పాత సీరియళ్లే తిప్పే ఛానళ్లు ఎలా బతుకుతున్నాయి?

ఆంధ్ర సరిహద్దులోని ఒడిశా ఊరు పర్లాకిమిడి కేబుల్లో ఏళ్లుగా పాత సీరియళ్లే వేసే తెలుగు ఛానళ్లకు డబ్బెక్కడిదని అడిగారు. ఆపడంకన్నా నడపడమే చవక, అదీ సంగతి.

వినోద ఛానల్‌కు ఒకసారి అనుమతి వస్తే 10 ఏళ్లు. ఏటా అప్‌లింక్‌కు (శాటిలైట్‌కు పంపడానికి) 2 లక్షలు, డౌన్‌లింక్‌కు (అక్కడినుంచి కిందికి దించడానికి) 5 లక్షల రూపాయలు కట్టాలి. అసలు బరువు శాటిలైట్ అద్దెది. వీడియోను కుదించే ఎంపెగ్-4 పద్ధతిలో ఎస్‌డీ (హెచ్‌డీ కాని మామూలు) ఛానల్‌కు సెకనుకు సుమారు 2 మెగాబిట్లు చాలు. పెద్ద గ్రూపులు తమ ఛానళ్లన్నీ ఒకే క్యారియర్‌లో, అంటే ఒకే శాటిలైట్ సిగ్నల్‌లో కలిపి పంపుతాయి గనక ఇంకొకటి కలిపితే పెద్దగా భారం పడదు. ఒక్క ఛానలే ఉన్నవాడికి ఆ వెసులుబాటు లేదు, ముందు మునిగేది వాడే.

సొంతంగా తీయించిన సీరియళ్లకు మళ్లీ డబ్బు కట్టక్కర్లేదు. సినిమాల హక్కులకు మాత్రం గడువుంటుంది, ఎన్నిసార్లు వేయొచ్చో కూడా ఒప్పందంలో రాసుంటుంది. పొద్దున్నా అర్ధరాత్రీ టెలీషాపింగ్‌కు గంటల చొప్పున అమ్ముతారు. మిగతా యాడ్‌లలో చాలావరకు పెద్ద ఛానల్‌లో కొన్నవాళ్లకు కొసరుగా ఇచ్చినవే. ఉచిత ఛానల్ అయితే బ్రాడ్‌కాస్టర్‌కు నెలనెలా చెల్లించే పని లేదు, అందుకే సరిహద్దు కేబుల్‌వాళ్లకూ ముద్దు.

ప్లేఅవుట్‌లో, అంటే ఛానల్ ప్రసారం నడిపే గదిలో, ముందురోజే ప్లేలిస్ట్ ఎక్కించేస్తారు, ఒకే మనిషి చాలా ఛానళ్లు చూసుకుంటాడు. లిస్ట్‌లో రాసిన నిడివికన్నా ఫైల్ పెద్దదైతే ఎపిసోడ్ చివర తెగుతుంది, చిన్నదైతే తెర నల్లబడుతుంది. పాత టీవీల 4:3 కొలత టేపును ఇప్పటి వెడల్పు తెరల 16:9కు సాగదీస్తే మొహాలు వెడల్పవుతాయి. ఎప్పుడో ముగిసిన పోటీ ఫోన్ నంబర్ బొమ్మలోనే అచ్చయి ఉంటే చెరపలేరు, దాన్ని కప్పడానికే కింద ఆ రంగు పట్టీ.

నిజంగా మూతపడ్డ ఛానల్ పేరు ఇంకా కనిపిస్తోందంటే హెడ్‌ఎండ్ (కేబుల్‌వాళ్లు ఛానళ్లు అందుకుని ఇళ్లకు పంపే కేంద్రం) జాబితాలోంచి తీసేయలేదన్నమాట. బొమ్మ కదలకుండా ఆగిపోతే పక్కింటి డీటీహెచ్‌లో చూడండి. అక్కడ కదులుతుంటే తప్పు కేబుల్‌వాడి రిసీవర్‌దో, బొమ్మను డిజిటల్ సిగ్నల్‌గా మార్చే ఎన్‌కోడర్‌దో.

ఒక్కోసారి మీరు చూసేది శాటిలైట్ ఛానలే కాకపోవచ్చు. హెడ్‌ఎండ్‌లో ఓ కంప్యూటర్ పెట్టి ఎన్‌కోడర్‌కు కలిపితే ఆపరేటర్ సొంత ఛానల్ తయార్. 2022 నవంబరు మార్గదర్శకాల ప్రకారం దీనికి నమోదు రుసుము ఛానల్‌కు 1,000 రూపాయలు, ఒక్కసారే. మొత్తం ఛానళ్ల సామర్థ్యంలో ఇలాంటివి 5 శాతం దాటకూడదు, వేసినదాని రికార్డింగ్ 90 రోజులు ఉంచాలి. యాడ్‌లన్నీ మీ ఊరి బట్టల కొట్లవే అయి, కరెంటు పోయి వచ్చాక తెరమీద మౌస్ బాణం కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.