చేప ముల్లు గుచ్చుకున్న చోట బొడిపె లేచింది, ఏం చేయాలి?

ప్రశ్న: సముద్రంలో వల పంజరాల్లో చేపలు పెంచే చోట పనిచేస్తున్నాను. నెల కిందట చేపలు ఒంటి మీద ఎర్రటి పుండ్లతో కుప్పలుగా చనిపోయాయి. విబ్రియో బ్యాక్టీరియా అని తేల్చారు. వాటిని ఎత్తేస్తుంటే రెక్క ముల్లు వేలికి దిగింది. గాయం మానింది కానీ, వారం నుంచి అక్కడే ఎర్రగా బొడిపె లేచింది. నొప్పి పెద్దగా లేదు. చేపల జబ్బే నాకు అంటిందా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: చేపలను చంపిందే మీ వేలిలోనూ ఉందని మీ భయం. నాకలా అనిపించడం లేదు. చేపలకు ప్రాణాంతకమైన బ్యాక్టీరియాలో చాలావాటికి మన ఒంటి వేడి పడదు. సాల్మన్ చేపలకు పుండ్లు తెప్పించే ఏరోమోనాస్ సాల్మోనిసిడా 37 డిగ్రీల దగ్గర సాధారణంగా పెరగనే పెరగదు. గాయాల ద్వారా సోకే విబ్రియోల్లో మనిషికి నిజంగా ప్రమాదమైనది వల్నిఫికస్. అది గాయంలో చేరితే నెల ఆగదు. ఒకటి రెండు రోజుల్లోనే విపరీతమైన నొప్పి, వాపు, నల్లబడే బొబ్బలు, జ్వరం వస్తాయి. అలా ఎప్పుడు జరిగినా తెల్లారేదాకా చూడొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు మరీ ప్రమాదం.

మీ విషయంలో నా అనుమానం మైకోబాక్టీరియం మెరైనం మీద. క్షయ క్రిమికి చుట్టం. 1926లో ఫిలడెల్ఫియా అక్వేరియంలో చనిపోయిన చేపల్లో దీన్ని గుర్తించారు. దీనికి 30 డిగ్రీల వేడి చాలు. అందుకే ఒంటి లోపలికి పోకుండా, కాస్త చల్లగా ఉండే వేళ్లలో, చేతుల్లో తిష్ఠ వేస్తుంది. ముల్లు గుచ్చుకున్న రెండు మూడు వారాలకు బొడిపె లేవడం దీని తీరే. మనిషి నుంచి మనిషికి అంటదు, ఇంట్లోవాళ్ల గురించి బెంగ వద్దు.

చర్మవ్యాధుల డాక్టర్‌కు చూపించి, చేప ముల్లు సంగతి మీరే చెప్పండి. ఎవరూ అడగరు, అక్కడే నెలలు వృథా అవుతాయి. చిన్న ముక్క తీసి కల్చర్‌కు పంపేటప్పుడు 30 డిగ్రీల దగ్గర కూడా పెంచి చూడమని ల్యాబ్‌కు రాయించండి. మామూలుగా 37 దగ్గర మాత్రమే పెడితే క్రిమి దొరక్కపోవచ్చు. ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది. ఇదేనని తేలితే సాధారణంగా 3, 4 నెలలు మందులు వాడాలి. ఈలోగా స్టెరాయిడ్ క్రీమ్ రాయకండి, చేపల కోసం తెచ్చిన యాంటీబయాటిక్ అసలు మింగకండి. వేలు వంచడం కష్టమైనా, బొడిపెలు చేతి పైకి వరసగా పాకినా అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు.