కార్డులు దాచేది ఎందుకమ్మా?

శ్రీకాకుళం నుంచి 51 ఏళ్ల గృహిణి రాశారు: "పిల్లలు ఉద్యోగాలకు వెళ్లిపోయాక రెండేళ్లుగా పోస్టుకార్డు సైజులో వాటర్ కలర్ బొమ్మలు వేస్తున్నాను. మధ్యాహ్నం ఓ గంట, డైనింగ్ టేబుల్ మీదే. మా పెద్దాడపడుచు చూసి 'ఈ వయసులో ఏటమ్మా ఈ సిన్నపిల్లల బొమ్మలు' అన్నారు. అప్పట్నుంచి ఆవిడ వస్తున్నారంటే కార్డులన్నీ బీరువాలో చీరల కింద పెట్టేస్తున్నాను. విశాఖలో క్లాసులో చేరి పెద్ద కాన్వాసులు వేయమంటారా? ఖర్చు దండగంటారా?"

అమ్మా, కాన్వాసు సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. వద్దు.

మీ పూర్తి ఉత్తరం ఒకటిన్నర పేజీ. అందులో వదినగారు ఏడుసార్లు వచ్చారు. మీ ఆయన ఒక్కసారి, అదీ భోజనం దగ్గర. పెద్ద బొమ్మ గోడకు తగిలిస్తే ఆవిడ నోరు మూతపడుతుందని మీ ఆశ. మూతపడదు. "గోడంతా పాడుసేసేవేటి" అంటారు.

మీరు పంపిన బొమ్మల ఫోటోల్లో, ఖద్దరుకు పేరుపడ్డ పొందూరు ముసలమ్మ కార్డు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వాలుగ చేప దవడనే దువ్వెనలా పట్టుకుని పత్తి ఏకుతోంది. ఆ దవడ పళ్లు ఎంత సన్నగా ఉంటాయో మీకు తెలుసు. 14 సెంటీమీటర్లు, 9 సెంటీమీటర్ల కాయితంలో అవన్నీ వేయడం కుదరక నాలుగు చుక్కలతో సరిపెట్టారు. ముసలమ్మకు కళ్లే వేయలేదు. అయినా ఆ వంగిన మెడ చూస్తే ధ్యాసంతా పత్తి మీదే ఉందని తెలిసిపోతోంది. అదే పెద్ద కాన్వాసైతే కళ్లూ కనుబొమలూ, వెనక గోడ మీద క్యాలెండరు కూడా పెట్టేసేవారు! చోటు తక్కువ కాబట్టే ఏది వదిలేయాలో మీ చేతికి తెలిసింది.

పైగా చెడిపోతుందన్న టెన్షన్ లేదు. 22, 30 అంగుళాల మందపాటి (300 జీఎస్ఎం) వాటర్ కలర్ షీటు ఒకటి కోసుకుంటే 30 కార్డులు వస్తాయి. ఒకటి పాడైతే ఇంకా 29 ఉంటాయి. కుక్కర్లో పప్పు ఉడికేలోపు ఆకాశానికి వేసిన రంగు ఆరుతుంది. మొదలెట్టిన పని అదే రోజు పూర్తయిపోవడం ఇంట్లో ఆడవాళ్లకు ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? గిన్నెలు ఏనాడైనా పూర్తయ్యాయా?

ఇక వదినగారు. తల్లి పోయాక తమ్ముణ్ణి తనే పెంచారని రాశారు. ఆ రుణం చిన్నది కాదు. పండక్కి చీర పెట్టండి, మోకాళ్ల నొప్పులకు ఆస్పత్రికి తీసుకెళ్లండి. అందులో లోటు చేస్తే నేను మీ పక్షాన మాట్లాడను. నాకూ ఇద్దరు ఆడపడుచులున్నారు లెండి. కానీ ఇన్నేళ్ల కాపురం చేశాక కూడా ఆవిడ ఆటో చప్పుడు వినగానే బీరువా వైపు పరిగెత్తడం మర్యాద కాదు, భయం. దాచమని ఆవిడ అననే లేదు. ఒక్క మాట అన్నారంతే. మిగతాది మీరు నేర్చుకున్నదే.

రథసప్తమికి అరసవల్లి దర్శనానికి వస్తున్నారట కదా. ఆ రోజు టేబుల్ సర్దకండి. ఎదురెళ్లి కాళ్లకు నీళ్లివ్వండి, కాఫీ ఇవ్వండి. "వదినగారూ, రంగు ఆరకముందే ఇది పూర్తిచేసి వస్తాను" అని చెప్పి మళ్లీ కూర్చోండి. మీ ఆయన్ని అడ్డం పెట్టుకోవద్దు. ఆవిడ ఏదో ఒకటి అంటారు. అననివ్వండి.