తాబేలు ఈదిందా, నీరు మోసిందా?

ప్రశ్న: ఉపగ్రహ ట్యాగ్ అమర్చిన సముద్రపు తాబేలు దారిని మ్యాపులో చూశాను. నడిసముద్రంలో ఒకచోట మూడు చుట్లు తిరిగింది. అక్కడ మేత దొరికి ఆగిందనుకోవచ్చా?

జవాబు: అప్పుడే అనుకోకండి. ఆ గీతలో తాబేలు ఈతా ఉంది, నీరు మోసుకెళ్లిన దూరమూ ఉంది. పెద్ద సుడిలో పడితే తాబేలు ఒకే దిక్కుకు ఈదుతున్నా గీత చుట్టలు తిరగవచ్చు. సెకనుకు అర మీటరు ప్రవాహమంటే తక్కువేననిపిస్తుంది, కానీ రోజుకు 43 కిలోమీటర్లు!

రోజు మొత్తం కదలికలోంచి ఆ రోజు ప్రవాహాన్ని తీసేయండి. దూరాన్నే కాదు, దిక్కును కూడా చూసి తీయాలి. గీత తూర్పుకు 40 కి.మీ. సాగింది, ప్రవాహం దక్షిణానికి 30 కి.మీ. తోసింది అనుకుందాం. అంటే తాబేలు తూర్పుకు 40, ఉత్తరానికి 30 ఈదింది. అసలు ఈత 50 కి.మీ., ముఖం ఈశాన్యానికి. మ్యాపులో ఈ ఎదురీత జాడే ఉండదు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే: ముడి స్థానాలనే తీసుకుని లెక్క మొదలుపెడతారు. ట్యాగ్ ఎక్కడుందో చెప్పే ఉపగ్రహ వ్యవస్థ ఆర్గోస్ ఇచ్చే స్థానాల్లో మేలు రకానికి పొరపాటు 250 మీటర్ల లోపే. తాబేలు పైకి తేలేది కాసేపే కాబట్టి నాసిరకంవే ఎక్కువ వస్తాయి. గంట తేడా ఉన్న రెండు స్థానాల్లో చెరో కిలోమీటరు తప్పుంటే, సెకనుకు దాదాపు 0.4 మీటర్ల లేని వేగం పుట్టుకొస్తుంది. అది ప్రవాహమంత! అందుకే ముందు దారిని నునుపు చేసి, అంటే స్థానాల తప్పుల వల్ల వచ్చిన వంకర్లను సర్ది, 24 గంటల కదలిక తీసుకోండి. అప్పుడు అదే తప్పు సెకనుకు 2 సెంటీమీటర్ల లోపుకు దిగుతుంది.

నునుపు చేసేముందు వాడే వేగపు జల్లెడతోనూ జాగ్రత్త. గంటకు 5 కి.మీ. దాటిన స్థానాలను కొట్టేయమంటే, అట్లాంటిక్‌లోని వేగవంతమైన ప్రవాహం గల్ఫ్ స్ట్రీమ్‌లో నిజమైనవీ పోతాయి. అక్కడ పైనీరే సెకనుకు 2 మీటర్లు, అంటే గంటకు 7.2 కి.మీ. దాకా పరుగెడుతుంది.

ప్రవాహాల లెక్కను ఉపగ్రహాలు కొలిచిన సముద్రమట్టం నుంచి కడతారు, గాలి తోపును విడిగా కలపాలి. సాధారణంగా దొరికే, అక్షాంశ రేఖాంశాల్లో పావు డిగ్రీ గళ్లలో చిన్న సుడులు కనబడవు. ఒడ్డు దగ్గర ఆటుపోట్లదే పైచేయి, అక్కడ ఈ తీసివేతను నమ్మొద్దు. లోతుకు మునిగే జంతువులకు పైనీటి వేగం సరిపోదు.

ప్రశ్న: ప్రవాహం తీసేశాక ఏమీ మిగలకపోతే చనిపోయినట్టా?

జవాబు: అదొక్కటే చూసి తేల్చకండి. పిల్ల తాబేళ్లు నీటివాలునే చాలా దూరం పోతాయి. మునకల రికార్డు చూడండి. మునకలు ఆగిపోయి, ట్యాగ్ నీటిలో ఉందో పైన ఉందో చెప్పే ఉప్పునీటి సెన్సర్ రోజుల తరబడి పొడిగానే ఉన్నట్టు చెబుతుంటే ట్యాగ్ ఊడి తేలుతుండవచ్చు. తేలే ట్యాగ్‌ను గాలి కూడా నెడుతుంది కాబట్టి అప్పుడు మిగులు సరిగ్గా సున్నా రాదు, గాలివాలుకు కాస్త మొగ్గి ఉంటుంది.