ఇంట్లో ల్యాండ్‌లైన్ పైపు ఉండగా గోడ పగలగొట్టడం దేనికి?

కట్టి పాతికేళ్ళయిన ఇంట్లో గోడలు పగలగొట్టకుండా ల్యాన్ కేబుల్ (రూటర్ నుంచి గదికి నెట్ తీసుకెళ్ళే వైరు) మనమే వేసుకోవచ్చా అని అడిగారు. నిక్షేపంలా వేసుకోవచ్చు. పాత ఇల్లయితే ఇంకా సులువు. ల్యాండ్‌లైన్ ఉన్న రోజుల్లో కట్టిన చాలా ఇళ్ళలో ఫోన్ కోసం గోడలోంచి విడిగా ఒక పైపు వేసేవారు. ఫోన్ పోయినా పైపు ఎక్కడికీ పోలేదు. దాని సంగతి మర్చిపోయి జనం మెష్ రూటర్ల (గదిగదికీ ఒకటి పెట్టి వైఫై అందించేవి) మీద వేలకు వేలు తగలేస్తున్నారు. మెష్ అనేది అద్దె ఇంట్లో ఉండేవాళ్ళకి. సొంత ఇల్లున్నవాడికి వైరే దిక్కు. దీని మీద నాతో ఎవరు వాదించినా ఒప్పుకోను.

మాది విశాఖ ఎంవీపీ కాలనీలో మేడ ఇల్లు. రూటర్ కింద హాల్లో ఉంటుంది. మా ఆవిడ ఆఫీసు పని చేసుకునేది మేడమీద వెనక గదిలో. 5 గిగాహెర్ట్జ్ వైఫై సిగ్నల్ స్లాబు దాటేసరికే నీరసపడిపోయేది. 2.4కి మారిస్తే చుట్టుపక్కల ఇళ్ళ రూటర్లన్నీ అక్కడే కొట్టుకు చస్తుంటాయి. మీటింగ్ మధ్యలో బొమ్మ బిగుసుకుపోవడం, ఆవిడ విసుక్కుంటూ ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకోవడం రోజూ ఉండేదే. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే గోడ వంక ఒకసారి చూసి, "గాడి కొట్టాల్సిందే సార్, మళ్ళీ పుట్టీ, పెయింటు" అన్నాడు.

మా నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో ఎలక్ట్రికల్ విభాగంలో చేసి రిటైరయ్యారు. ఎలక్ట్రీషియన్ వెళ్ళేదాకా ఏమీ మాట్లాడకుండా కూర్చుని, తర్వాత సోఫా జరిపించి గోడకున్న పాత టెలిఫోన్ సాకెట్ చూపించారు. "పైన పేరలల్ ఫోన్ ఉండేది కదరా, దాని వైరు గాల్లోంచి వెళ్ళిందా?" అన్నారు. నిజమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వీధి స్తంభాలతో పాటు మా ఫోన్ లైనూ పోయింది. చేతిలో సెల్‌ఫోన్లు ఉన్నాయి కదా అని మళ్ళీ పెట్టించుకోలేదు. పైపులో పాత వైరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ పాత వైరే మనకి లాగుడు తాడు. పైచివర దానికి కొత్త కేబుల్ కట్టి కిందనుంచి లాగడమే పని. చెప్పినంత తేలిక కాదు, మాకు సగం దూరంలోనే బిగుసుకుపోయింది. ఇక్కడే చాలామంది బలమంతా పెట్టి గుంజుతారు. ల్యాన్ కేబుల్లో రెండేసి తీగలు మెలేసిన జతలు నాలుగుంటాయి. దాన్ని సుమారు 11 కిలోల బరువుకి మించిన బలంతో లాగకూడదు. లాగితే లోపల జతల మెలికలు సాగిపోతాయి, పైకి ఏమీ కనిపించదు, స్పీడు మాత్రం పడిపోతుంది. నాన్నగారు పైనుంచి ఫోన్ స్పీకర్లో, "నువ్వు ఆగరా, దారిలో ఏదో ఉంది" అని, మెట్ల పక్క గోడలో ఉన్న జంక్షన్ బాక్స్ మూత విప్పించారు.

బాక్స్ నిండా మట్టి. తుఫానప్పుడు సన్‌షేడ్ దగ్గర పైపు చివర తెరుచుకుపోతే మేమెవరమూ మూయలేదు. అందులోంచి దూరిన కుమ్మరి పురుగులు (మట్టి గూళ్ళు కట్టే కందిరీగలు) పైపు బెండు దాకా గూళ్ళు కట్టేశాయి. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ఎండిన మట్టి పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది, వాటిలోంచి ఎండిపోయిన సాలీళ్ళు రాలాయి. పిల్లల తిండికి దాచిన సరుకన్నమాట. అదంతా ఊడ్చేశాక పాత వైరు చేతికి తేలిగ్గా ఆడింది.

ముడి కట్టడంలోనే ఉంది అసలు పనితనం. కేబుల్ పైతొడుగు జానెడు తీసేసి, జతల్ని ఒకదానికంటే ఒకటి పొట్టిగా కత్తిరించి, పొడుగ్గా మిగిలిన జతతో పాత వైరుకి మెలివేసి, పైన ఇన్సులేషన్ టేపు చుట్టాలి. ముడి ఎలుక తోకలా కొసకి సన్నబడుతూ రావాలి. ఉండలా ఉంటే మొదటి బెండులోనే ఆగుతుంది. టేపు మీద టాల్కం పౌడర్ బాగా పూయండి. పైన ఒకరు వైరు అందిస్తుంటే కింద ఒకరు నిదానంగా లాగాలి. కేబుల్‌తో పాటు ఒక నైలాన్ తాడు కూడా లాగి అందులోనే వదిలేయండి, రేపు ఇంకో కేబుల్ కావాలంటే అదే దారి. ఇదీ నాన్నగారి ఆలోచనే. రెండు చివర్లకీ ఒకే నంబరు రాసిన టేపు అంటించాకగానీ నన్ను టీ తాగనివ్వలేదు.

ఒక్క విషయంలో మాత్రం మొండితనం వద్దు. కరెంటు వైర్లున్న పైపులో ఖాళీ కనిపించినా దాని జోలికి పోకండి. ఎక్కడైనా ఇన్సులేషన్ దెబ్బతింటే 230 వోల్టులు నేరుగా మీ రూటర్లోకి, మీ చేతిలోకి వస్తాయి. ఏ స్విచ్‌బోర్డు విప్పినా ముందు మెయిన్ ఆపండి.

ఇక కేబుల్ కొనడం. క్యాట్ 6 (ల్యాన్ కేబుల్లో ఒక రకం) అని పెట్టె మీద పెద్ద అక్షరాలుంటాయి, లోపల అల్యూమినియం తీగకి రాగి పూత. ఒక షాపతను నాకు అదే అంటగట్టబోయాడు, "అందరూ ఇదే తీసుకెళ్తున్నారు సార్" అంటూ. బ్లేడుతో తీగని గీకి చూడండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి, తెల్లగా మెరిస్తే పక్కన పెట్టేయండి. అల్యూమినియం తీగ మళ్ళీ మళ్ళీ వంచితే విరుగుతుంది, అదే కేబుల్లోంచి కెమెరాకి కరెంటు కూడా పంపితే వేడెక్కుతుంది. క్యాట్ 7, క్యాట్ 8 అంటూ ఊదరగొట్టేవాళ్ళ మాట వినకండి. క్యాట్ 6 మీద ఒక గిగాబిట్ స్పీడు 100 మీటర్ల దాకా వెళ్తుంది, 10 గిగాబిట్లు కూడా 55 మీటర్ల దాకా వెళ్తాయి. మనం కట్టుకున్నది ఇల్లు, ఎయిర్‌పోర్టు కాదు.

గోడలో కేబుల్ చివర ప్లగ్గు క్రింప్ చేసి (నొక్కి బిగించి) వేలాడదీయకుండా జాక్‌లో (గోడ సాకెట్‌లో) కూర్చోబెట్టి ఫేస్‌ప్లేటు బిగించండి. జాక్ మీద ఎ, బి అని రెండు రంగుల వరసలుంటాయి. ఏదైనా ఫరవాలేదు, రెండు చివర్లా ఒకటే ఉండాలి. జతల మెలిక అరంగుళం కంటే విప్పొద్దు. అయ్యాక కంప్యూటర్లో లింక్ స్పీడు చూడండి. 1000 బదులు 100 చూపిస్తే చాలావరకు ఏదో ఒక జత సరిగా దిగలేదని అర్థం. మనలా సముద్రం దగ్గరున్నవాళ్ళు వాడని జాక్‌లకి మూతలు పెట్టుకోవాలి, లేకపోతే ఉప్పుగాలికి పిన్నులు పచ్చబడిపోతాయి.

మా ఆవిడ మీటింగుల గొడవ తీరింది. నా బాధల్లా ఇప్పటి బిల్డర్ల గురించే. ఏసీకి పైపు వేస్తారు, చిమ్నీకి కన్నం పెడతారు, గీజర్‌కి పాయింటు ఇస్తారు. నెట్‌కి మాత్రం ఖాళీ పైపు వెయ్యమంటే మొహం అదోలా పెడతారు. తర్వాత ఇంటర్నెట్ కుర్రాడొచ్చి కిటికీ ఫ్రేముకి కన్నం వేసి, హాలు గోడ పొడుగునా మేకులు కొట్టుకుంటూ పోతాడు. మా బావ మధురవాడలో ఫ్లాట్ బుక్ చేస్తే నేనే సైట్‌కి వెళ్ళి, హాలు నుంచి ప్రతి బెడ్‌రూమ్‌కీ 25 మిల్లీమీటర్ల పైపు ఖాళీగా వేసి ఉంచమని అడిగాను. "ఇప్పుడంతా వైఫై కదండీ" అన్నాడు అక్కడి ఇంజనీరు. బావ వెంటపడగా పడగా రెండు గదులకి వేశారు. మూడో గది సంగతి తేల్చేలోగా స్లాబు పోసేశారు.