429 కోట్ల సంఖ్యతో కూర్చున్న అబ్బాయికి ఏ కోర్సు?

ప్రశ్న: మాది హనుమకొండ. మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. ఎప్‌సెట్ ప్రాక్టీసు పక్కన పెట్టి, 4294967297 అనే సంఖ్యను ఏది నిశ్శేషంగా భాగిస్తుందో నోట్‌బుక్కు నిండా లెక్కలు వేస్తున్నాడు. డిగ్రీలో గణితమే చదువుతానంటున్నాడు. దానివల్ల బతుకుదెరువు ఉంటుందా?

జవాబు: మీ అబ్బాయి పట్టుకున్నది ఆషామాషీ సంఖ్య కాదు. 2 యొక్క 32వ ఘాతానికి ఒకటి కలిపితే వచ్చేది అదే. 2 యొక్క 1, 2, 4, 8, 16వ ఘాతాలకు ఒకటి చొప్పున కలిపితే వచ్చే 3, 5, 17, 257, 65537 ప్రధాన సంఖ్యలు కావడంతో ఆ వరుసలో తరువాతిదైన ఇదీ ప్రధాన సంఖ్యేనని 17వ శతాబ్దంలో ఫెర్మా అనే గణితజ్ఞుడు భావించాడు. కాదని, 641 దాన్ని నిశ్శేషంగా భాగిస్తుందని 1732లో మరో గణితజ్ఞుడు ఆయిలర్ చూపించాడు.

సలహా చెప్పే ముందు నేను తెలుసుకోదలచింది ఒక్కటే: అబ్బాయి ఎలా వెతుకుతున్నాడు? 2, 3, 5 అంటూ ప్రధాన సంఖ్యలతో వరుసగా భాగించుకుంటూ పోతే 641 నూటపదహారోదిగా వస్తుంది. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 64 గుణిజానికి ఒకటి ఎక్కువగానే ఉండాలని ఆయిలర్ గ్రహించాడు కాబట్టి, అలాంటి ప్రధాన సంఖ్యలైన 193, 257, 449, 577 తరువాత అయిదో ప్రయత్నానికే 641 దొరుకుతుంది. అసలు భాగహారమే అక్కరలేని దారి ఇంకొకటి ఉంది. 640 అంటే 641 కన్నా ఒకటి తక్కువ, అదే 5×128 కూడా కాబట్టి, దాని నాలుగో ఘాతాన్ని, అంటే 625ను 2 యొక్క 28వ ఘాతంతో గుణించగా వచ్చే సంఖ్యను, 641తో భాగిస్తే శేషం 1 వస్తుంది. 625, 16 కలిస్తే 641 అవుతుంది గనుక 625 స్థానంలో రుణ 16 వేసుకోవచ్చు; 16 అంటే 2 యొక్క 4వ ఘాతం కాబట్టి రుణ 2 యొక్క 32వ ఘాతానికీ శేషం 1 అవుతుంది, అంటే 2 యొక్క 32వ ఘాతానికి ఒకటి కలిపితే 641తో నిశ్శేషంగా పోతుంది. ఈ నాలుగు వాక్యాలను అబ్బాయి ముందు పెట్టండి. క్యాలిక్యులేటర్ పక్కన పెట్టి "64 గుణిజమే ఎందుకు?" అని అడిగితే గణితం అతనికి తగిన చదువే. జవాబు దొరికిందని నోట్‌బుక్కు మూసేస్తే ఇంజనీరింగే మేలు, అందులో చిన్నతనమేమీ లేదు.

గణితమే అయితే చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో గణితం, కంప్యూటర్ సైన్స్ కలిసిన బీఎస్సీ ఆనర్స్, బెంగళూరులోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బీమ్యాథ్ అనే గణిత డిగ్రీ నా మొదటి ఎంపికలు. ఈ ప్రవేశ పరీక్షల్లో నిరూపణ రాయాలి. మన కార్పొరేట్ కళాశాలల్లో ఆ అభ్యాసం దాదాపు ఉండదు, అదే నా బెంగ. ఊరు వదలకూడదనుకుంటే ఇక్కడే డిగ్రీ చేసి, జామ్ అనే జాతీయ పీజీ ప్రవేశ పరీక్ష రాసి వరంగల్ ఎన్ఐటీలో గానీ, రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ ద్వారా కాకతీయ విశ్వవిద్యాలయంలో గానీ ఎమ్మెస్సీ చేయవచ్చు.

బతుకుదెరువు విషయానికొస్తే, అతిపెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టడం కష్టం కావడం మీదనే ఆర్‌ఎస్‌ఏ అనే సంకేత పద్ధతి నిలబడింది. సమాచార భద్రతలోనూ, డేటా విశ్లేషణలోనూ ఈ చదువుకు గిరాకీ ఉంది. అధ్యాపక వృత్తి ఎలాగూ ఉంది. అయితే బీటెక్‌లాగా నాలుగో ఏటనే కొలువు చేతికి రాదు, పీజీ దాకా అయిదారేళ్లు చదివించే ఓపిక ఇంట్లో ఉండాలి.

ఎప్‌సెట్ మాత్రం మాన్పించకండి. గణితం సిలబస్ చాలావరకు ఒకటే. ఆదివారాలు ఆ చెన్నై, బెంగళూరు సంస్థల పాత ప్రశ్నపత్రాలకు కేటాయించమనండి; అవి వాటి వెబ్‌సైట్లలో ఉచితంగానే దొరుకుతాయి.