ధవళేశ్వరంలో పొద్దు గోదారి మీద పొడవదు

చిరంజీవికి ఆశీస్సులు.

కథ చదివాను. నాయనమ్మ మాట్లాడే తీరు బాగుంది. మొదటి వాక్యంలోనే ధవళేశ్వరం గట్టు మీంచి గోదారిలో సూర్యోదయం చూపించావే, అది మాత్రం కుదరదు. ఊరు ఎడమ గట్టున ఉంది. ఏరు పడమటి వైపు. పొద్దు ఏట్లో గుంకుతుంది.

రాజమండ్రిని ఆనుకున్న ఊరే కదా, తేడా ఏముంటుందని అడిగావు. రాజమండ్రిది అఖండ గోదావరి. ధవళేశ్వరం దగ్గర నాలుగు పాయలు. నీ నాయిక బ్యారేజీ మీద "వంతెన దాటి" విజ్జేశ్వరం చేరిపోయింది. కానీ ధవళేశ్వరం పాయకు 70 గేట్లు, అవి దాటితే పిచ్చుకలంక. ర్యాలి పాయకు 43, ఆవల బొబ్బర్లంక. తర్వాత మద్దూరు పాయ, 23. చివరికి విజ్జేశ్వరం పాయ, 39, ఆవల కుడి గట్టు. ఆమె ఏ లంక మీద ఏడ్చిందో రాయి. "గోదారి గట్టు చాలు, ఊరి పేర్లు ఎందుకు" అని కొట్టేసే సంపాదకులుంటారు. వాళ్ల మాట వినకు. పేర్లు తీసేస్తే మిగిలేది క్యాలెండర్ బొమ్మ.

నీ కథలో వరద ఇంకా ఘోరం. రాత్రి కుండపోత, తెల్లారేసరికి ఊళ్లో నీళ్లు! ఊళ్లో చినుకు లేకపోయినా ఇక్కడ వరద వస్తుంది. ఎగువన గోదారిలో కలిసే ప్రాణహిత, ఇంద్రావతి, శబరి పొంగాలి. ముందు భద్రాచలంలో అడుగులు పెరుగుతాయి, ఆ నీరు ఇక్కడికి దిగడానికి దాదాపు ఒక రోజు. కాబట్టి నీ పాత్రలకు భయపడటానికి బోలెడు వ్యవధి ఉంది, దాన్ని వాడుకో. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. గేట్లన్నీ ఎత్తేసి నీటిని సముద్రానికి వదులుతారు. బ్యారేజీ వరదను ఆపదు. ముందు మునిగేవి లంకలు, ఊరికి ఏటిగట్టు అడ్డం.

ఇప్పటి బ్యారేజీకి ముందు, ఆర్థర్ కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ముగించిన పాత ఆనకట్టకు రాయి ఈ ఊరి కొండదే. నీ కథలో కొండే లేదు.

సంక్రాంతికి పులస పులుసు వండించావు. పులస వరదనీటికి ఎదురెక్కే చేప, ఆ రోజుల్లోనే దొరుకుతుంది. పండక్కి కొర్రమీను పెట్టు. మే నెలలో తూర్పు కాలవలో ఈతలు కొట్టించావు, అప్పుడు కాలవలు కట్టేసి పూడిక తీస్తుంటారు. ఆ అధ్యాయాన్ని జులైకి జరుపు, లేదంటే పిల్లల్ని ఏటికే పంపు.