మరణ ధ్రువపత్రం: ఊరి పంచాయతీలో రికార్డు లేదంటే

నాన్నగారు పోయి ఏడాది దాటిందని, మరణ ధ్రువపత్రం అడిగితే ఊరి పంచాయతీలో రికార్డు లేదన్నారని రాశారు. ఆయన పోయింది హైదరాబాద్ ఆసుపత్రిలో కాబట్టి మీ పంచాయతీలో రికార్డు ఉండదు. దహనం ఊళ్లో జరిగినా, మరణం ఎక్కడ సంభవిస్తే నమోదు అక్కడే. మీరు అడగాల్సింది హైదరాబాద్ నగరపాలక సంస్థ అయిన జీహెచ్‌ఎంసీని.

1. ముందు ఆసుపత్రి మెడికల్ రికార్డ్స్ విభాగానికి వెళ్లండి. చాలామంది వదిలేసేది ఇదే. మరణ సమాచారం పంపాల్సిన బాధ్యత ఆసుపత్రిదే, గడువు 21 రోజులు. ఏ తేదీన పంపారో, పేరు ఏ స్పెల్లింగుతో రాశారో కాగితం మీద రాయించుకోండి. ఇంటిపేరు ఒక్క అక్షరం మారినా వెతుకులాటలో దొరక్కపోవచ్చు.

2. అదే స్పెల్లింగుతో మీసేవలో దరఖాస్తు చేయండి. బ్యాంకు, పింఛను, భూమి పనులకు ఒకేసారి నాలుగైదు కాపీలు తీసుకోండి.

3. ఆసుపత్రి అసలు పంపనే లేదా? ఏడాది దాటింది కాబట్టి రికార్డు లేదన్న ధ్రువపత్రం తీసుకుని, ఆర్డీవో ఉత్తర్వుతో ఆలస్య నమోదు చేయించాలి.